బాంబు షెల్టర్‌లో మా మామ్మ గొంతు

పోయిన నెల ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. హైదరాబాదులో చదువుకుని ఇక్కడ సింగపూరు విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. తరాల క్రితం మలయా తోటలకు వచ్చిపడిన తెలుగు వాళ్ళ మాట ఎన్ని మలుపులు తిరిగిందో తెలుసుకోవడం ఆమె పని. బల్లమీద ఫోను పెట్టి, "ఆంటీ, చిన్నప్పుడు మీ ఇంట్లో ఎలాంటి తెలుగు మాట్లాడేవాళ్ళు?" అని అడిగింది. ఉత్తరాంధ్ర యాస అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ నా నోటికి వచ్చిన జవాబు, "మా మామ్మ తెలుగు." ఆ అమ్మాయి నవ్వేసి తరవాతి ప్రశ్నకు వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక టీ కప్పులు కడగకుండానే కాగితాలు ముందేసుకున్నాను. పదహారు పదిహేడేళ్ళ వయసులో నేను చూసినదంతా ఆ ఒక్క జవాబులో ఉంది. ఆ అమ్మాయికి చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

మామ్మ అంటే మా నాన్న తల్లి, సూరమ్మ. ఆమె తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి జొహోర్‌లో రబ్బరు తోటకు వచ్చాడు. మామ్మ ఆ తోటలోనే పుట్టి, అక్కడే రబ్బరు పాలు తీసి, పెళ్ళయ్యాక సింగపూరు వచ్చింది. ఆంధ్రదేశాన్ని జన్మలో ఒక్కసారి చూడలేదు. ఊరికి ఉత్తరపు కొసన యూ టీ అనే పేటలో మా ఫ్లాటు రైలు పట్టాలకు ఎదురుగా ఉండేది. మొదటి రైలు పోయేసరికే మామ్మ లేచి, గుడ్డ సంచిలో కాఫీ పొడి వేసి మరిగే నీళ్ళు వంచేది. అందులో డబ్బా పాలు ఇంత ధారగా పోసి, రెండు గ్లాసుల మధ్య తిరగబోస్తుంటే ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఇంట్లో మలయా ఆడవాళ్ళలా సారోంగ్ లుంగీ కట్టేది, గుడికి మాత్రం చీర. ఆమె కందిపప్పు చారులో ఎండు నెత్తళ్ళు వేయించి వేసేది. రోట్లో ఎండు మిరపకాయలతో పాటు మలయా వాళ్ళ రొయ్యల ముద్ద వేసి దంచేది. ఆ ఘాటు వరండా అంతా పాకి, పక్కింటి చైనా ఆంటీ గిన్నె పట్టుకుని మరీ వచ్చేది. వాళ్ళిద్దరూ మలయా భాషలో మాట్లాడుకునేవాళ్ళు. మామ్మ చేతి పచ్చడికి మా అంతస్తులో జాతిభేదం ఉండేది కాదు.

నాన్న బస్సు నడిపేవాడు, అమ్మ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేది. పగలంతా మామ్మకు తోడు వంటగది అలమరా మీది తమిళ రేడియో. ఆమె రేడియో వినేది కాదు, దానితో మాట్లాడేది. వాన పడుతుందని అనౌన్సర్ చెబితే, "నీకిప్పుడు తెలిసినాదేటి, నా మోకాళ్ళకి నిన్ననే తెల్సు" అనేది. ఆ పెట్టెలోంచి తెలుగు కూడా రావచ్చనే ఊహ మా ఇంట్లో ఎవరికీ లేదు. తెలుగు అంటే కుండలో బియ్యం ఎంత పోయాలో, తలుపు గడియ పెట్టావా లేదా, ఇలాంటివి మాట్లాడుకోడానికి. గడప దాటితే తమిళం, ఇంకా దాటితే ఇంగ్లీషు. బడిలో మాతృభాష పాఠం తీసుకోవాలంటే తెలుగు లేదు కనక నేను తమిళమే చదివాను. మామ్మ తెలుగులో అడిగితే నేను, "డోంట్ వాంట్ లా, మామ్మా" అని జవాబిచ్చేదాన్ని. ఆమె ఏమీ అనుకునేది కాదు. ఆమె మాటలోనూ సగం తమిళం, పావు మలయా. సంత అంటే పాసర్, కష్టమంటే సూసా.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా బ్లాకులో లిఫ్టు తెలుగు మాట్లాడడం మొదలుపెట్టింది. కంప్యూటర్ ఉద్యోగాల కోసం కొత్త కొత్త జంటలు దిగుతున్నాయి. కొత్త సూట్‌కేసులు, కొత్త కుక్కర్లు, ఎవరైనా తెలుగు వాళ్ళు కనపడతారేమోనని వెతుక్కునే కళ్ళు. ఒక సాయంత్రం మామ్మా నేనూ లిఫ్టులో ఉండగా ఒకావిడ పెద్ద బియ్యం మూట ఈడ్చుకుంటూ ఎక్కింది. మామ్మ ఆమెను పైనుంచి కిందికి చూసి, "ఒలమ్మా, అంత మూట నువ్వు మోత్తన్నావేటే? నీ పెనిమిటేడి?" అంది.

ఆవిడ ఉలిక్కిపడింది. సారోంగ్ కట్టుకున్న ముసలావిణ్ణి చూసి, "మీరు... తెలుగు వాళ్ళా అమ్మా?" అంది.

"మరేటనుకున్నావు, చైనాదాన్నా?" అంది మామ్మ, మూటకు రెండో కొస పట్టుకుంటూ.

ఆమె వసంత ఆంటీ. తెనాలి ఆడపడుచు. భర్త మురళి అంకుల్‌ది కరీంనగర్ దగ్గర పల్లె, చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు తాలూకు ఆఫీసులో పని. ఆ బియ్యం మూటతో మొదలైన స్నేహం, వాళ్ళు సెంగ్‌కాంగ్‌లో కొత్త ఫ్లాటు కొనుక్కుని వెళ్ళిపోయాక కూడా తెగలేదు. తెగకపోవడానికి కారణం ఆ ఫ్లాటులోని బాంబు షెల్టరు. ఇక్కడి కొత్త ఇళ్ళన్నిటిలో యుద్ధం వస్తే దాక్కోడానికి లావుపాటి కాంక్రీటు గోడలు, ఇనప తలుపు ఉన్న చిన్న గది ఒకటి కట్టి ఇస్తారు. యుద్ధం రాలేదు కనక అందరూ అందులో బియ్యం, ఉల్లిపాయలు, పాత పెట్టెలు పెట్టుకుంటారు. మురళి అంకుల్ ఒకరోజు అందులో నిలబడి చప్పట్లు కొట్టి చూసి, "వసంతా, ఇది స్టోర్ రూమ్ కాదే, స్టూడియో!" అన్నాడట. గోడలకు దుప్పట్లు వేలాడదీశారు. మైకు, పాత కంప్యూటరు వచ్చాయి. ఆవకాయ జాడీ మాత్రం పెట్టడానికి వేరే చోటు లేక అక్కడే ఉండిపోయింది. అలా పుట్టింది మా 'ఆదివారం అరగంట'. సింగపూరులో ఉన్న తెలుగు వాళ్ళ కోసం, ఇంటర్నెట్‌లో, వారానికి అరగంట తెలుగు.

నన్ను పిలిచింది స్థానిక వార్తల కోసం. వాళ్ళకు తెలుగు వచ్చు, ఊరు రాదు. నాకు ఊరు వచ్చు, తెలుగు రాదు. కమ్యూనిటీ క్లబ్బులో టీకాలు ఎప్పుడు వేస్తారు, బడిలో చేర్చాలంటే ఎవరిని అడగాలి, బస్సులో కార్డు ఎలా తాకించాలి, ఇవన్నీ నేను ఇంగ్లీషు పేపర్లోంచి ఏరి చెబితే ఆంటీ తెలుగులో రాసేది. కొన్నాళ్ళకు, "ఎంతకాలం నేను రాస్తాను కమలా? అక్షరాలు నేర్చుకో" అంది. ఆ షెల్టరులో, ఉల్లిపాయల వాసన మధ్య, బియ్యం బస్తా మీద పలక పెట్టుకుని నేను అ ఆలు దిద్దాను. మా వంశంలో తెలుగు రాయడం వచ్చిన మొదటి మనిషిని నేనేనని ఆనాడు నాకు తోచలేదు. మామ్మకు తోచింది. నేను నా పేరు రాసి చూపిస్తే ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని ఎంతోసేపు చూసి, "ఇంత గుండ్రంగుంటాదేటి మన మాట!" అంది.

ఆడపిల్లను ఒక్కదాన్నీ అంత దూరం పంపడం ఇష్టం లేక మామ్మ నాతో వచ్చేది. యూ టీలో రైలెక్కి, ద్వీపం ఉత్తరపు అంచంతా చుట్టి, దిగి మళ్ళీ బస్సెక్కాలి. దారంతా ఆమె కబుర్లే. అక్కడికి చేరాక హాల్లో కూర్చుని, వసంత ఆంటీ పాపకు నూనె రాస్తూ, ఇనప తలుపు సందులోంచి వినపడినదానికల్లా వ్యాఖ్యానం చేసేది. ఒకసారి వంటల గురించి మాట్లాడాల్సినావిడ రాలేదు. అరగంట నిండడం లేదు. ఆంటీ మామ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, మైకు ముందు కూర్చోబెట్టి, "మామ్మగారూ, ఇక్కడి సంతలో ఆకుకూరలు ఎలా కొనుక్కోవాలో చెప్పండి. రేడియోతో మాట్లాడినట్టే మాట్లాడండి" అంది.

మామ్మకు బెరుకన్నది లేదు. "పాసర్‌కెల్లి కంకోంగ్ అని సూసి మరేటో అనుకునీరు. మన తూటికూరే. కాడలు విరిసి సూడండి, పుటుక్కుమంటే కొనండి, వంగిపోతే వొగ్గీయండి" అని మొదలుపెట్టి ఆపకుండా చెప్పుకుపోయింది. మురళి అంకుల్ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నోరు మూసుకుని నవ్వుతూ భుజాలు ఊపేస్తున్నాడు. ఆ వారం నుంచి మామ్మకు ఐదు నిమిషాలు ఖాయమైపోయాయి.

ఇంటర్నెట్ లేనివాళ్ళ కోసం అంకుల్ ఆ అరగంటను కేసెట్లకు ఎక్కించేవాడు. ఆదివారం లిటిల్ ఇండియాలో ఒక భోజన హోటలు దగ్గర అప్పలనాయుడు అనే అతను వాటిని తీసుకెళ్ళేవాడు. అతను షిప్‌యార్డులో వెల్డరు, టెక్కలి దగ్గర పల్లెవాడు. ఊళ్ళో పొలం కౌలుకిచ్చి, పని పర్మిట్ మీద వచ్చి, కూలీలను ఉంచే డార్మిటరీలో ఉండేవాడు. మామ్మ మాట్లాడిన కేసెట్ వెళ్ళిన మరుసటి ఆదివారం అతను ఒక్కడూ రాలేదు. నలుగురైదుగురిని వెంటబెట్టుకొచ్చాడు. "అమ్మా, ఆ మామ్మెవులు? ఏ ఊరినుంచి తెచ్చినారు ఆవిణ్ణి? మావోలు ఆ ముక్కే తిప్పి తిప్పి ఏయించుకుంటన్నారు" అన్నాడు. జొహోర్ తోటలో పుట్టి పెరిగిందని వసంత ఆంటీ చెబితే వాళ్ళు నమ్మలేదు. మామ్మ నోట్లో ఉన్న కొన్ని మాటలు వాళ్ళ ఊళ్ళల్లో కూడా ముసలాళ్ళతో పోయాయట.

అదే వారం మరో రకం కబురు కూడా వచ్చింది. రెండు ఈమెయిళ్ళు. ఇది తెలుగా, తమిళమా, మలయానా అని. మా కార్యక్రమం తెలుగు వాళ్ళ సంఘం ఒకటి నడిపే వెబ్‌సైటులో వచ్చేది. ఆ సంఘానికి సలహాదారు సుబ్బారావు గారు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరై కొడుకు దగ్గరికి వచ్చినాయన. తెల్లటి లాల్చీ, మడత నలగని కండువా. చెడ్డమనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. సెంగ్‌కాంగ్ హాల్లో కూర్చుని మంచినీళ్ళు తాగి, నెమ్మదిగా అన్నారు: "వసంతా, నేనావిణ్ణి తక్కువ చేయడం లేదమ్మా. మా మనవడికి వారం మొత్తంలో చెవిన పడే తెలుగు ఈ అరగంటే. ఆ అరగంటలో వాడు పాసర్ అన్నది తెలుగు మాటే అనుకుంటే, తప్పు వాడిదా, మనదా? కొన్నాళ్ళు ఆపండి. లేకపోతే సంఘం తన పేరు తీసేసుకుంటుంది. ఆవిడ చెప్పేది మీరు మంచి భాషలో రాసి చదవండి."

వెబ్‌సైటు లేకపోతే కార్యక్రమమే లేదు. మురళి అంకుల్ తల దించుకుని కూర్చున్నాడు. ఆయన మైకు ముందు ఎప్పుడూ పుస్తకాల తెలుగే చదివేవాడు, వంటగదిలో భార్యతో మాట్లాడినట్టు ఒక్కనాడూ మాట్లాడలేదు. సుబ్బారావు గారు వెళ్ళాక మాత్రం, "మా అమ్మ మాట్లాడితే గూడ ఈ సారు గిట్లనే అంటుండెనేమో" అన్నాడు, ఎవరితోనో కాదు, గోడతో. వసంత ఆంటీ తప్పించుకోకుండా మామ్మ ఎదురుగా వచ్చి కూర్చుంది. "మామ్మగారూ, మీ మాటలు కొన్నాళ్ళు ఆపమంటున్నారు."

మామ్మ పాప కాలికి నూనె రాయడం ఆపింది. "నా మాట బాగునేదనీసారేటి?"

ఆంటీ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. మర్నాడు పొద్దున్న కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "శాప్టియా, కమలా?" అంది. తిన్నావా అని, తమిళంలో. నిద్రమత్తులో నేను పట్టించుకోలేదు. సాయంత్రానికి అర్థమైంది. ఇంట్లో మామ్మ తెలుగు మానేసింది. బియ్యం ఎంత పోయాలన్నా తమిళమే, తలుపు గడియ అన్నా తమిళమే. నాన్న మొదట నవ్వాడు. తరవాత ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా ఆమె పక్కన నేలమీద కూర్చుని, "అమ్మా, నాతోనైనా మాట్లాడవే" అన్నాడు. ఆమె అతని తలమీద చెయ్యి వేసి నిమిరింది గాని తెలుగు మాట ఒక్కటి రాలేదు. నాకప్పుడు తెలిసింది, తెలుగు మా ఇంట్లో కొళాయి నీళ్ళలా దానంతటది రావడం లేదని. ఒక మనిషి పోస్తేనే వస్తోంది. ఆ మనిషి పోయడం మానేస్తే మా ఇంట్లో అది అయిపోయినట్టే.

కొన్ని వారాలు అలా గడిచాయి. ఇంతలో ఊరికి సార్స్ అనే అంటు జ్వరం వచ్చింది. ఆ రోజులు చూసినవాళ్ళు మరిచిపోరు. బళ్ళు మూసేశారు. రైల్లో ఎవరైనా దగ్గితే పెట్టె మొత్తం అటు తిరిగేది. ఎక్కడికి వెళ్ళినా నుదుటి దగ్గరో చెవి దగ్గరో జ్వరం చూసేవాళ్ళు. ప్రభుత్వం తన నాలుగు భాషల్లో చెబుతోంది గాని తెలుగు ఆ లెక్కలో లేదు. ఆ పని మనమే చేయాలని సుబ్బారావు గారే పట్టుబట్టి, డాక్టర్లను అడిగి, ప్రకటన తానే రాసి ఇచ్చారు. "శరీర ఉష్ణోగ్రతను దినమునకు రెండు పర్యాయములు పరీక్షించుకొనవలెను. జ్వర లక్షణములు గోచరించిన యెడల తక్షణమే వైద్యులకు నివేదింపవలెను." వసంత ఆంటీ అక్షరం పొల్లుపోకుండా చదివింది. కేసెట్లు వెళ్ళాయి.

తరవాత అప్పలనాయుడి దగ్గర్నుంచి ఫోను. ఆ ఫోను సంగతి అంకుల్ ఎన్నోసార్లు చెప్పగా విన్నాను. "సారూ, మా గదిలో తిరుపతని ఒకడున్నాడు. ఒళ్ళు పెనంనాగ కాలిపోతన్నాది. పర్మిట్టు తీసీసి పంపించీస్తారని ఎవులికీ సెప్పనీడం నేదు. దుప్పటి కప్పుకు తొంగున్నాడు. ఆడొక్కడే కాదు సారూ, ఇంకా ఉన్నారు."

"మరి మన కేసెట్ వినలేదా నాయుడూ?"

"ఇన్నాం సారూ. ఏటి సెప్పినారో తెల్దు."

ఆ సాయంత్రమే వసంత ఆంటీ ముక్కుకు గుడ్డ కట్టుకుని యూ టీలో మా గుమ్మం ముందు నిలబడింది. మామ్మ వంటగదిలో గరిటె తిప్పుతోంది. ఆంటీ సంగతి చెప్పబోతుంటే, మొహం తిప్పకుండా తమిళంలో, తనకు తెలుగు రాదంది. ఆంటీ ఆమెను బతిమాలలేదు. తిరుపతి సంగతి మాత్రం చెప్పింది. దుప్పటి కింద పడుకున్నాడని, అన్నం మానేశాడని, ఎవరు చెప్పినా వినడం లేదని. గరిటె చప్పుడు ఆగింది.

"ఎన్నేల్లు ఆడికి?" అంది మామ్మ. తెలుగులో.

"ఇరవై నాలుగో అయిదో."

"తల్లికి తెలుసా?"

"చెప్పొద్దన్నాడట."

మామ్మ స్టవ్ కట్టేసింది. "సీర కట్టుకునొత్తాను, ఉండు" అని లోపలికి వెళ్ళింది.

మేము వెళ్ళేసరికి సెంగ్‌కాంగ్‌లో సుబ్బారావు గారు కూడా ఉన్నారు. ప్రకటన ఎవరికీ అర్థం కాలేదని అంకుల్ ఆయనకు చెప్పేశాడు. ఆయన లేచి నిలబడి, మామ్మకు దండం పెట్టి, ఏమేం చెప్పాలో ఒక్కొక్కటే వివరంగా చెప్పారు. ఆమె శ్రద్ధగా విని, రెండుసార్లు తిప్పి అడిగింది. తరవాత షెల్టరులోకి వెళ్ళి కూర్చుంది. నేను ఆవకాయ జాడీ పక్కన ఒదిగి నిలబడ్డాను. ఆ రోజు ఆమె మాట్లాడినది నాకిప్పటికీ నోటికి వచ్చు.

"నాయనా, నాను సూరమ్మని మాట్లాడతన్నాను. ఇన్నాల్లూ అలిగీసినాను, ఇప్పుడొచ్చీసినాను. ఇనండి. జొరం సూసుకునే పుల్ల మీకాడ ఒకటి ఉంటాది. పనికెల్లే ముందు ఓపాలి, కూడు తినీసి తొంగునే ముందు ఓపాలి, దాన్ని పెట్టుకు సూడండి. ఒల్లు కాలిందా, దాసకండి. జొరాన్ని దుప్పటి కింద దాసినోడు దాన్ని పెంచుకున్నట్టే, పక్కోడికి పంచినట్టే. నా సిన్నప్పుడు తోటలో మా యన్నకి జొరమొచ్చింది. దొరకి తెలిస్తే పనిలోంచి తీసీస్తాడని మా యమ్మ దాసీసింది. పని మిగిలినాది. మా యన్న మిగల్నేదు. మీ పర్మిట్టు ఉంచుతారో తీసీస్తారో నాకు తెల్దు, అబద్దమెందుకు సెప్తాను? ఒట్టి సేతుల్తో ఇంటికెల్లినా మీ యమ్మ మీకు కూడెడతాది. పెట్టెలో ఎల్తే ఎవులికెడతాది? లెగండి నాయనా. లెగిసి బేగి డాకటేరు కాడికెల్లండి. నాను సెప్పినానని సెప్పండి."

ఆమెకు ఒక అన్న ఉండేవాడని నాకు తెలియదు. మా నాన్నకూ తెలియదట. మురళి అంకుల్ రికార్డింగ్ ఆపడం మరిచిపోయి కూర్చున్నాడు. గుమ్మం బయట సుబ్బారావు గారు కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకుంటున్నారు. మామ్మ చెమటలు కారుతూ బయటికి వచ్చింది.

"అమ్మా, నేను రాసిందీ ఇదే కదా!" అన్నారాయన.

"నువ్వు బాగా రాసినావు బాబూ" అంది మామ్మ, కొంగుతో మెడ తుడుచుకుంటూ. "ఈ గదినాగే గట్టిగా కట్టినావు. గాలాడదు, అంతే."

సుబ్బారావు గారు పగలబడి నవ్వారు. ఆయన నవ్వు వినడం నాకదే మొదలు.

కేసెట్లు మర్నాడే డార్మిటరీ గేటు దగ్గరికి చేరాయి. అప్పలనాయుడు ఒకదాన్ని తమ గదిలో వేసి, తరవాత వరండాలో పెద్దగా పెట్టాడట. విన్నవాళ్ళు తలుపుల్లోకి వచ్చి నిలబడ్డారట. తిరుపతి దుప్పటి తీసి లేచి, "మామ్మ మీద ఒట్టేసినట్టయిపోనాదిరా, పదండి" అన్నాడని నాయుడే తరవాత చెప్పాడు. అతనికి వచ్చింది సార్స్ కాదు, డెంగీ. ఇంకొన్నాళ్ళు దాచుకుని ఉంటే దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడట. ఆస్పత్రినుంచి వచ్చి మళ్ళీ పనిలో చేరాడు. అతనితో పాటు మరికొందరు కూడా ఆ రోజుల్లో ధైర్యం చేసి వెళ్ళారు. అందరి కథా అంత చక్కగా ముగిసిందని చెప్పలేను. ఒకతను వేరే జబ్బు బయటపడి ఊరికి వెళ్ళిపోవాల్సి వచ్చింది. కానీ నడిచి వెళ్ళాడు. విమానం ఎక్కే ముందు మామ్మకు ఫోను చేశాడు. ఆమె అతనితో దారిలో తినడానికి ఏం పెట్టుకున్నావని అడిగింది.

జ్వరం భయం తగ్గాక ఒక ఆదివారం తిరుపతి మా ఇంటికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, కొత్త చొక్కా ఇస్త్రీ మడతలతో. వంగి దండం పెట్టబోతున్న అతని చెవి పట్టుకుని మామ్మ పైకి లేపి, "దాసుకుంటావేట్రా ఇంకెప్పుడైనా?" అంది. అతను ఏడుస్తూ నవ్వాడు. ఆ రోజు మా వంటింట్లో నెత్తళ్ళ చారు అడుగంటా ఖాళీ అయింది. నాన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇల్లంతా తెలుగే. మామ్మ ఒకే ఊపిరిలో ముగ్గురిని కేకలేస్తోంది. చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నిలబడి కాసేపు విన్నాడు నాన్న.

ఆ తరవాత 'ఆదివారం అరగంట' రూపు మారింది. సుబ్బారావు గారు విషయం చెప్పేవారు, మామ్మ దాన్ని నోటితో తిప్పి చెప్పేది. ఆయన పట్టు మొత్తం వదిలేశారని కాదు. నేను ళకారం బదులు లకారం రాస్తే ఎర్ర సిరాతో చుట్టేసేవారు. పాసర్ అనే మాట మీద చివరిదాకా ఇద్దరికీ రాజీ కుదరలేదు. మురళి అంకుల్ మాత్రం ఒకనాడు క్రికెట్ సంగతులు చెబుతూ, "నిన్న మనోళ్ళు ఉత్తగనే గెలవలే, ఉరికిచ్చి కొట్టిండ్రు" అనేశాడు. అని, నాలిక కరుచుకుని మా వంక చూశాడు. వసంత ఆంటీ చప్పట్లు కొట్టింది. అది కూడా రికార్డయింది, తీసేయలేదు. రాయడం నేను సుబ్బారావు గారి దగ్గర నేర్చుకున్నాను, మాట్లాడడం మామ్మ దగ్గర. ఇప్పుడు నా పుస్తకాలు చదివినవాళ్ళు ఇందులో ఏదో రెండు గొంతులున్నాయంటే నాకు గర్వంగా ఉంటుంది. ఆ రెండు గొంతులూ ఎవరివో నాకు తెలుసు.

వసంత ఆంటీ వాళ్ళు మెల్బోర్న్ వెళ్ళిపోయాక మరికొందరు కొన్నేళ్ళు నడిపి ఆపేశారు. మామ్మ నిండు వయసులో, నిద్రలో పోయింది. ఇప్పుడు తెలుగుకు కరువు లేదు. ఏ ఫోను చూసినా తెలుగే, సినిమాలు, వార్తలు, వంటలు, గ్రూపుల్లో పొద్దున్నే పూలదండల శుభోదయాలు. డార్మిటరీలో కుర్రాడికి జ్వరం వస్తే ఊళ్ళో తల్లి వీడియోలో నాలిక చూపించమంటోంది. ఇది మంచి కాలం, కాదనను. మా చేతిలో ఉన్నది ఒక అరగంట. దాన్ని నింపడానికి వారమంతా తన్నుకులాడేవాళ్ళం. విన్నవాళ్ళు అది అరిగిపోయేదాకా వినేవాళ్ళు. ఎవరో ఒకరు తమతోనే మాట్లాడుతున్నారని వాళ్ళకు తెలుసు. ఉల్లిపాయల గదిలోంచి ఒక ఊరికి పత్రికా, రేడియో, బడీ అన్నీ అయ్యాం మేము. జీతం లేదు, బోర్డు లేదు. అంతకంటే పెద్ద పని నేను ఆ తరవాత చేయలేదు.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం చాంగీ వైపు ఒక హాకర్ సెంటర్లో, తిండి కొట్ల మధ్య బల్ల దగ్గర కూర్చుని కొడుకుతో ఫోన్లో మాట్లాడుతున్నాను. వాడు ఎప్పటిలాగే ఇంగ్లీషులో ఏదో సాకు చెబుతున్నాడు. "బేగి వచ్చీరా, కూడు సల్లారిపోతాది" అని పెట్టేశాను. పక్క బల్ల దగ్గర హెల్మెట్ పక్కన పెట్టుకుని తింటున్న కుర్రాడు చప్పున ఇటు తిరిగాడు. కొత్తగా వచ్చినట్టున్నాడు, చొక్కా మీద కంపెనీ పేరు ఇంకా వెలిసిపోలేదు.

"అమ్మా, మీది ఏ ఊరండీ? మాట మా పలాసనాగ ఉంది!"

"యూ టీ" అన్నాను.

అతను కనుబొమలు ముడిచి ఆలోచించాడు. "అది ఏ మండలమమ్మా?"

"ఇక్కడే నాయనా. రైలెక్కితే ఆ చివరుంటాది" అన్నాను.

అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, నవ్వి, తన ప్లేటు తీసుకొచ్చి నా బల్లమీద పెట్టుకున్నాడు.